రెండు గుట్టల మనిషి

మా ఇంటి మీది అంతస్తులో ఉండే అమ్మాయిలు పొద్దున్నే డాబా మీద అటూ ఇటూ నడుస్తూ గట్టిగా చదువుతారు. అశోక్‌నగర్‌లో ఏ డాబా మీదైనా ఇదే వరస. ఒకరు రాజ్యాంగం అప్పజెప్పుకుంటుంటే ఇంకొకరు నదులూ ఉపనదులూ వల్లెవేస్తుంటారు. ఆ గొంతులకు నా చెవులు ఎప్పుడో అలవాటుపడిపోయాయి. పోయిన వారం బట్టలు ఆరేస్తుంటే మాత్రం ఒక మాట దగ్గర నా చేయి ఆగిపోయింది.

"రెండు రక్షిత ప్రాంతాల మధ్య వన్యప్రాణులు తిరగడానికి విడిచిపెట్టిన దారిని కారిడార్ అంటారు. కారిడార్ అంటారు."

కొత్తగా వచ్చిన పిల్ల. నిజామాబాద్ వైపు నుంచి. ఆ మాట మా హాల్లో ఎన్ని సాయంత్రాలు తిరిగిందో ఆ పిల్లకేం తెలుసు? ఆ మాట మా ఇంటికి తెచ్చిన మనిషి ఇదే పిట్టగోడకు ఆనుకుని, పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుంటూ నిలబడేదని ఏం తెలుసు? తడి చీర చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆమె పోయి రెండో ఏడు నడుస్తోంది. ఆమె మీద నా అసూయ మాత్రం పోలేదు. చనిపోయిన మనిషి మీద అసూయ ఏమిటని ఎవరైనా అడగొచ్చు. ఉంది, ఏం చేయను?

మా ఇల్లు మా మామగారు కట్టించింది. కింద మేం ఉంటాం. మీది గదులన్నీ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలకు కిరాయికి ఇస్తాం. వెనక వైపు వంటగదితో ఒక చిన్న పోర్షన్ ఉంది. దాన్ని చూడటానికి వచ్చింది ఆమె. నలభై దాటిన మనిషి, మెడ దాకా కత్తిరించిన జుట్టు, వెలిసిపోయిన కాటన్ కుర్తా, కాళ్ళకు దుమ్ముపట్టిన బూట్లు. నేను తాళం తీసి లోపలికి పోయి వెనక్కి చూస్తే ఆమె లేదు. డాబా మీద ఉంది. నీళ్ళ ట్యాంకు ఎక్కడుందో, పక్కింటి పిల్లి ఏ గోడ మీంచి దిగుతోందో, సందు చివర టీ బండి దగ్గర పిల్లలు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నారో చూస్తోంది.

"గది చూడరా?" అన్నాను.

"గదికేమున్నదక్కా, నాలుగు గోడలుంటయి. సుట్టుపక్కల ఏమున్నదో సూడాలె గద."

నన్ను అందరూ ఆంటీ అంటారు. ఈమె వచ్చీ రాగానే అక్కా అంది. నాకు నచ్చలేదు.

"ఏం పని చేస్తరు మీరు?"

"అడవులకు గీతలు గీస్తనక్కా."

ఆ జవాబు అర్థం కావడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. ప్రభుత్వం ఏదైనా అడవిని జంతువుల కోసం కాపాడాలనుకుంటే, ఆ కాపాడే జాగా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఎవరో ఒకరు తిరిగి చూసి చెప్పాలట. నడిమధ్యన మనుషులు పోకూడని చోటు ఎంత, దాని చుట్టూ మనుషులు జాగ్రత్తగా వాడుకునే చోటు ఎంత, నీళ్ళెక్కడ, మేకలెక్కడ మేస్తాయి, ఏ జంతువు ఏ దారిన పోతుంది. నారాయణగూడలో ఒక పాత బిల్డింగు పైన చిన్న ఆఫీసు ఉండేది వాళ్ళకు. ఆ ఆఫీసులో ఆమె కూర్చున్నది తక్కువ, బయట తిరిగింది ఎక్కువ.

ఆమె పద్ధతులు నాకు ఒక్కటీ నచ్చేవి కావు. ఊళ్ళు తిరిగి వచ్చి మా మెట్ల మీద కూర్చుని సల్వారుకు అంటుకున్న పల్లేరు ముళ్ళు ఏరేది. వాటిని పారేయకుండా అరచేతిలో పెట్టుకుని ఎక్కడ అంటుకున్నాయో గుర్తుచేసుకునేది. గేటు ఎప్పుడూ వేసేది కాదు. నవ్వితే సందు చివరి దాకా వినపడేది. ఎవరితో మాట్లాడినా భుజం మీద చేయి వేసి మాట్లాడేది, చిక్కడపల్లి మార్కెట్‌లో కూరగాయలామె భుజం మీద కూడా. బోడకాకరకాయలు కనిపిస్తే ధర అడిగేది కాదు, "ఇవి ఏ గుట్ట మీదియమ్మా?" అని అడిగేది. ఆ అమ్మకు తెలియకపోతే తెచ్చినవాడిని పిలిపించేదాకా కదిలేది కాదు. వెనక జనం నిలబడి ఉన్నా ఆమెకు పట్టేది కాదు.

మా అమ్మాయిలు చదువులతో కళ్ళు ఎర్రబడిపోయి ఉంటారు. వాళ్ళను పట్టుకుని, "మీ ఊర్లె నక్కలు ఇంక కూస్తున్నయా?" అని అడిగేది. ఆ పిల్లలు పుస్తకాలు మూసి ఆమె చుట్టూ చేరేవాళ్ళు. ఒక్కో పిల్ల తన ఊరు, వాగు, చిన్నప్పుడు చూసిన ముంగిస, కుందేలు చెప్పుకుంటూ నవ్వేది. కొన్నేళ్ళుగా వాళ్ళకు అన్నం పెడుతున్నాను. నాతో ఎవరూ అలా కూర్చుని చెప్పలేదు.

సరే, కిరాయికి ఉన్న మనిషి, ఎట్లా ఉంటే నాకేం అనుకున్నాను. మా ఆయన దగ్గరే వచ్చింది చిక్కు.

మా ఆయన సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. చేత్తో మ్యాపులు గీసే కాలం మనిషి. రిటైరయ్యాక పేపరు, టీవీ, నిద్ర. మా ఇద్దరి మధ్య మాటలు ఎప్పుడో తగ్గిపోయాయి. "ఉప్పు సరిపోయిందా", "కరెంటు బిల్లు వచ్చిందా", అంతే. ఒకరోజు కిరాయి ఇవ్వడానికి వచ్చి, ఆమె గోడకు ఉన్న పాత మ్యాపు చూసింది. మా ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో గీసిన మూసీ మ్యాపు అది. ముక్కు ఆనేంత దగ్గరగా పోయి చూసింది.

"అన్నా, ఈ వంపులు నువ్వే గీసినవా? కంప్యూటరుకు రాదన్నా ఈ వంపు."

అంతే. మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆయనకు మళ్ళీ ప్రాణం వచ్చినట్టు నా కళ్ళతో చూశాను.

తర్వాతి వారం నుంచి మా హాలు నేల మీద మ్యాపులు పరుచుకున్నాయి. మూలలు ఎగరకుండా నా మంచి స్టీలు గ్లాసులు బరువు పెట్టారు. పాలమూరు వైపు రెండు గుట్టలున్నాయట. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండింటి మీదా అడవి ఉంది, ఎలుగుబంట్లున్నాయి. మధ్యలో ఒక వాగు, గడ్డి నేల, కొన్ని మెట్ట చెలకలు. పెద్దగుట్టను కాపాడటానికి ఎవరికీ అభ్యంతరం లేదు. చిన్నగుట్టలో మంచి గ్రానైటు ఉంది. దాన్ని వదిలేస్తే తవ్వుకోవడానికి కాచుకుని ఉన్నవాళ్ళున్నారు. ఈమె రెండు గుట్టలూ కావాలంటుంది, మధ్యలో దారి కూడా కావాలంటుంది.

"దారెందుకు? రెండిట్లో వేరువేరుగా ఉంటయి గద?" అన్నాడు మా ఆయన. నేను వంటింట్లో వింటున్నాను.

"అన్నా, మీ మీది మెట్లు మొదట్ల ఇంట్ల నుంచి ఉండెనట గద? అక్క చెప్పింది. మీ హాల్లకెళ్ళి పోవాలంటే ఆడపిల్లలు డాబా ఎక్కుడే బందు చేసిన్రట. మీరు బయటికెళ్ళి మెట్లు కట్టినంకనే ఎక్కిన్రు. ఎలుగుబంటి గూడ గంతే. మనుషుల నడుమకెళ్ళి దారున్నా అది లేనట్టే."

మా ఆయన గట్టిగా నవ్వాడు. మెట్ల సంగతి ఆమెకు చెప్పింది నేను. నవ్వు ఆమెకు దక్కింది.

భోజనం దగ్గర ఆయన నోరు తెరవడం మొదలుపెట్టాడు. ఎలుగుబంటికి ఇప్పపువ్వు ఇష్టమట. తోడేళ్ళు గడ్డిలో పిల్లల్ని పెడతాయట. సన్నటి అడవికి అంచులెక్కువట, అంచుల నుంచి మనుషులు కొరుక్కుంటూ వస్తారట. ప్రతి మాటకూ చివర "మేడం చెప్పింది". నేను అన్నం వడ్డిస్తూ ఊకొట్టేదాన్ని. మా ఆడబిడ్డ నల్లకుంట నుంచి వచ్చి హాల్లో పరిచిన ఆ మ్యాపులు చూసి, "వదినా, అన్నకు ఈ వయసుల కొత్త నౌకరీ దొరికిందా?" అని కన్ను కొట్టింది. నవ్వాను. తర్వాత గిన్నెలు గట్టిగా తోమాను.

ఆమె ఆయనను అన్నా అనే పిలిచేది. అందులో వేరే ఏదీ లేదని నాకు తెలుసు. ఉండి ఉంటే నాకు సులువుగా ఉండేదేమో. పోట్లాడేదాన్ని, నలుగురికీ చెప్పుకునేదాన్ని. ఇద్దరు మనుషులు ఒక వాగు వంపు గురించి అంత సంతోషంగా మాట్లాడుకుంటుంటే ఎవరికేమని చెప్పుకోను?

ఒకరోజు ఆటోలో నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన ఆగిపోయాను. ట్రాఫిక్ కదలడం లేదు. పక్కనే ఇరానీ హోటల్. అద్దం వెనక బల్ల దగ్గర వాళ్ళిద్దరూ. మా ఆయన బల్ల మీద ఒలికిన చాయ్‌లో వేలు ముంచి ఏదో గీస్తున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూ తన వేలితో చెరిపి మళ్ళీ గీస్తోంది. ఇద్దరూ నవ్వుతున్నారు. బయటి చాయ్ తాగితే కడుపులో మంటని చెప్పి నాతో పెళ్ళైనప్పటి నుంచి ఒక్క హోటల్లో కూడా కూర్చోని మనిషి.

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలాగే నేరుగా వంటింట్లోకి వచ్చింది. "అక్కా, మస్తు ఆకలైతుంది. ఏమన్న ఉన్నదా?"

"వచ్చే నెల పోర్షన్ ఖాళీ చేయాలె. మావోళ్ళు వస్తున్నరు," అన్నాను.

"ఎవరొస్తున్నరు?"

నోటికి ఎవరి పేరూ రాలేదు. ఆమె నా ముఖం చూసింది. స్టవ్వు పక్కనున్న రొట్టె తనే తీసుకుని పీట మీద కూర్చుంది.

"అన్న నాతోని మాట్లాడుతున్నడని గద?"

నేను స్టవ్వు మీది గిన్నె దించి మూత పెట్టాను.

"నాతోని కాదక్కా, మ్యాపుతోని మాట్లాడుతున్నడు. గన్ని ఏండ్లు ఇంకొకలు చెప్పిన గీతలు గీసిండు. ఎందుకు గీస్తున్నడో ఇప్పుడు ఎరికైంది ఆయనకు."

"మా ఆయన సంగతి నాకు నువ్వు చెప్తవా?" అన్నాను. మీరు పోయి నువ్వు వచ్చేసింది.

"తప్పయింది అక్కా." రొట్టె నములుతూనే అంది. నొచ్చుకున్నట్టు లేదు. "బేస్తారం నాడు ఊర్లె మీటింగున్నది. ఆఫీసర్లు వస్తరు, ఊరోళ్ళు వస్తరు. నువ్వు గూడ రా. ఒక్కపారి సూడు. అటెనుక పొమ్మంటే పోత."

నిఘా వేయడానికే పోయాను. జీపులో వెనక కూర్చుని వాళ్ళిద్దరి తలలూ చూస్తూ పోయాను.

బడి ముందు షామియానా వేశారు. మా ఆయన గీసిన మ్యాపు నల్లబల్ల మీద అతికించారు. రెండు గుట్టలు, వాటిని కలిపే సన్నటి ఆకుపచ్చ నడుము. జిల్లా నుంచి వచ్చిన అధికారి దాన్ని చూసి తల ఊపాడు.

"మేడం, కష్టపడ్డారు, కాదనను. కానీ ఈ ఆకారానికి కాపలా ఎట్లా పెట్టాలి? పెద్దగుట్ట చుట్టూ గుండ్రంగా ఒకటే గీత గీసుకుంటే మా వాళ్ళకు సులువు కదా."

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. నాకే అనిపించింది. ఆమె లేచింది.

"కాపలా సులువే సారు. గని ఎలుగులు రెండు గుట్టల మీద ఉన్నయి. దారి బందయితే చిన్నగుట్ట మీదియి ఆడనే ఉండిపోతయి. వాటి పిల్లలకు జోడి ఏడికెళ్ళి రావాలె? వాటిల్ల అవే కలుసుకుంట పోతే, కొన్నేండ్లకు వట్టి గుట్టనే మిగులుతది. వట్టి గుట్టను పలగ్గొడితే అడిగేటోడెవడుంటడు?"

దూరంగా కారు దగ్గర నిలబడ్డ తెల్లచొక్కాల గ్రానైటు వాళ్ళు ఇటు చూశారు. ఆమె వాళ్ళ వైపు చూడలేదు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలామె లేచింది. "ఎలుగొడ్లకు దారిడుస్తిరి. మా మేకలకు యాడ దారి? ఆ గడ్డి మీరు తీసుకుంటే మేం యాడికి వోవాల?"

ఒక్కసారిగా అందరూ అరిచారు. మా ఆయన మ్యాపు ముందు చేతులు కట్టుకుని బిక్కమొహం వేశాడు. ఆమె మాత్రం స్టేజీ దిగి పోయి ఆ ముసలామె పక్కన నేల మీద కూర్చుంది. భుజం మీద చేయి వేసింది. చుట్టూ ఆడవాళ్ళు చేరారు. చాలాసేపు మాట్లాడుకున్నారు. వాగు పక్కన ముళ్ళపొదల్లోకి మేకలు ఎలాగూ పోవట, ఎలుగులు ఆ పొదల్లోంచే దాటుతాయట. మేకలకు కావాల్సింది అవతలి గడ్డి నేల. అధికారి వాచీ చూసుకున్నాడు. ఆమె లేచి వచ్చి మా ఆయన జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసుకుంది.

"మేడం, అది తోడేళ్ళ జాగ," అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి.

"ఎరికే అన్నా."

గడ్డి నేల మొత్తాన్నీ లోపలి గీత నుంచి తీసేసి బయటికి పెట్టింది. అక్కడ మేపుకోవచ్చు, దున్నకూడదు, ఆ మాట ఊరు ఇవ్వాలి అంది. వాగు వెంట దారి మాత్రం సన్నగా మిగిలింది. ఊరి ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళు ఒప్పుకున్నాక అధికారికి కాదనడానికి ఏమీ మిగల్లేదు.

భోజనాల వేళ ఆమె కనపడలేదు. బడి వెనక బోరింగు దగ్గర ఉంది. ఒక చేత్తో కొట్టి ఇంకో చేత్తో ముఖం కడుక్కోవడానికి తంటాలు పడుతోంది. నేను పోయి బోరింగు కొట్టాను. ముఖం కడుక్కుంది. శుభ్రమైంది. అయినా, "ఇంక జర కొట్టక్కా," అంది. కొట్టాను. నీళ్ళ చప్పుడులో ఆమె ఏడుస్తోందని కాసేపటికి తెలిసింది.

"తోడేళ్ళను ఇడిచిపెట్టినక్కా. గన్ని దినాలు వాటెంట తిరిగిన. అవి పిల్లల్ని పెట్టుకునే జాగ నాకెరికె. ఎలుగుల దారి దక్కాలంటే అది ఇడువాలె. లేకపోతే రెండూ పోతుండె."

"ఊరోళ్ళు ఆడ దున్నం అని మాటిచ్చిన్రు గద?"

"మాటిచ్చిన్రు." తడి చేత్తో నా చేయి పట్టుకుంది. "అన్నకు చెప్పకక్కా, నేను ఏడ్సిన అని. ఆ గీత ఆయన మస్తు ఇష్టంగ గీసిండు."

ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు. సంతోషం. మా ఆయనకు తెలియనిది ఒకటి నా దగ్గర ఉంది. ఆమె అది నాకిచ్చింది.

ఖాళీ చేయమన్న మాట నేను మళ్ళీ ఎత్తలేదు. నా అసూయ తగ్గిందనుకుంటే పొరపాటు. అది ఇటు తిరిగింది. ఇన్నాళ్ళూ మా ఆయన కోసం ఆమె మీద పడ్డ ఏడుపు, ఇప్పుడు ఆమె కోసం మా ఆయన మీద మొదలైంది. గుట్టల దగ్గర హద్దులు చూడటానికి జీపు పోయే ప్రతిరోజూ ఇంట్లో గొడవే.

"మీకు మోకాళ్ళ నొప్పి. నేను పోత."

"నీకు మ్యాపేం తెలుసు?"

"మీకు మనుషులేం తెలుసు?"

ఈ వయసులో జీపులో చోటు కోసం కొట్లాడుకున్నాం. ఆమె హారన్ కొడుతూ నవ్వేది. మార్కెట్‌కు నాతో వస్తే పొద్దుటి నుంచే నా నడక మారిపోయేది. మధ్యలో మా అమ్మాయిలెవరైనా ఎదురై ఆమెను పట్టుకుంటే, "పోండి, పోయి చదువుకోండి, పరీక్ష దగ్గరికొచ్చింది," అని కసిరేదాన్ని. ఊళ్ళో ఆ ముసలామె ఆమెకు జొన్నరొట్టె మూట కట్టిస్తే, ఇంటికి వచ్చాక నేను రెండు రకాల పచ్చళ్ళు వేసేదాన్ని. ఒకసారి ఆఫీసు డ్రైవరుతో అందరం పోయి వస్తుంటే, జీపులో వెనక సీట్లో ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. షాద్‌నగర్ నుంచి ఇంటి దాకా నేను కదల్లేదు. చేయి తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది. ముందు సీట్లోంచి మా ఆయన అద్దంలో చూశాడు. చూడనీ అనుకున్నాను.

ఆర్డరు వచ్చిన రోజు మా ఆయన స్వీట్లు తెచ్చాడు. రెండు గుట్టలూ, మధ్యలో వాగు దారీ రక్షిత ప్రాంతంలోకి వచ్చాయి. చిన్నగుట్ట మీద తవ్వకానికి అనుమతి రాలేదు. ఆమె స్వీటు తింటూ ఇంకో రాష్ట్రంలో ఒక నది ఒడ్డున పని ఉందని, పిలిచారని చెప్పింది.

"ఎప్పుడు?"

"ఎల్లుండి."

రెండు సంచులు సర్దుకుంది. గ్లాసులు, స్టవ్వు అమ్మాయిలకు పంచిపెట్టింది. నాకు ఏమిస్తుందా అని చూశాను. ఏమీ ఇవ్వలేదు. గేటు దగ్గర భుజం మీద చేయి వేసి, "పోతున్నక్కా," అంది. గేటు వేయకుండానే పోయింది.

ఫోన్లు మా ఆయనకే వచ్చేవి. సర్వే నంబర్లు, వంపులు, కొలతలు. చివర్లో "అక్క ఎట్లున్నది?" అని అడిగేదట. ఆయన "బాగుంది" అని పెట్టేసేవాడు. నేను పక్కనే చేయి చాపి కూర్చున్నా ఆ చేతికి ఫోను వచ్చేది కాదు. ఒకసారి అడిగాను, "నాకియ్యొచ్చు గద" అని. "పని మీద చేసిందే," అన్నాడు.

చివరి ఫోను కూడా ఆయనకే వచ్చింది. ఆ నది దగ్గర చిన్న ఊళ్ళో జ్వరం వచ్చిందట. తగ్గుతుందిలే అని తిరుగుతూనే ఉందట. పడిపోయాక పెద్ద ఆస్పత్రికి తెచ్చేలోపు అయిపోయింది.

ఆ తర్వాత చాలా రోజులు మనుషులు వస్తూనే ఉన్నారు. ఆఫీసు వాళ్ళు, ఆ అధికారి, మీది నుంచి అమ్మాయిలు. అందరూ మా ఆయన పక్కన కూర్చుని ఆయన చేయి పట్టుకుని ఓదార్చారు. నేను అందరికీ చాయ్ ఇచ్చాను. నారాయణగూడలో ఒక హాల్లో సంతాపసభ పెట్టారు. మా ఆయనను వేదిక మీదికి పిలిచారు. ఆయన రెండు మాటలు మాట్లాడి దిగివచ్చాడు. నా పక్క కుర్చీలో ఎవరో అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

"మీరు మేడంకు ఏమైతరు ఆంటీ?"

ఏమవుతాను? "ఇంటి ఓనర్ని," అన్నాను. ఆ అమ్మాయి తల ఊపి అటు తిరిగింది.

ఇంటికి వచ్చాక మా ఆయన కుర్చీలో కూర్చుని గోడ మీది మూసీ మ్యాపు వైపు చూశాడు. తర్వాత అన్నాడు.

"నీకో సంగతి చెప్పలే ఇన్ని దినాలు. మీటింగు నాడు ఆ గడ్డి జాగ తీసేసింది చూడు, సాయంత్రం జీపు దగ్గర నిలబడి ఏడ్చింది. తోడేళ్ళను ఇడిచిపెట్టిన అన్నా అని. నీకు చెప్పొద్దన్నది."

"నాకెందుకు చెప్పొద్దట?"

"అక్క మొదటిసారి వచ్చింది, మనసు కష్టపెట్టుకుంటది అని."

నేను వంటింట్లోకి పోయాను. ఎందుకు పోయానో తెలియదు. బియ్యం డబ్బా మూత తీసి చాలాసేపు లోపలికి చూస్తూ నిలబడ్డాను. అంత కోపం నా జీవితంలో ఎవరి మీదా రాలేదు. నాకు ఒక్కదానికే ఇచ్చిందనుకున్నది సాయంత్రానికల్లా ఆయనకూ ఇచ్చింది. ఇద్దరికీ ఒకరికి తెలియకుండా ఒకరికి. ఆ కోపంలోనే ఏడుపొచ్చింది. ఆమె కోసం నేను ఏడ్చింది అప్పుడే.

పోయిన సీతాఫలాల కాలంలో ఇద్దరం ఆ గుట్టలకు పోయాం. హద్దురాళ్ళు నాటారు. చిన్నగుట్ట చెక్కుచెదరకుండా ఉంది. వాగు పక్కన ముళ్ళపొదలు ఇంకా చిక్కబడ్డాయి. గడ్డి నేలలో ఒక మూల ఎవరో దున్నారు, మిగతాది అలాగే ఉంది. తోడేలు కనపడుతుందా అని అడిగితే, ఒక్కోసారి అన్నారు. మా ఆయన మ్యాపు చేతిలో పట్టుకుని గార్డుతో కలిసి వాగు వెంట పోయాడు. నేను రోడ్డు పక్కన సీతాఫలాల కుప్ప పెట్టుకున్న ఒకామె దగ్గర నీడలో కూర్చున్నాను.

"పట్నంకెళ్ళి వచ్చిన్రా? గుట్ట సూడనీకె?" అంది ఆమె. "ఈ గుట్ట మా అక్క కాపాడింది. పొట్టి జుట్టుండె. మస్తు నవ్వుతుండె. మా ఇంట్లనే తింటుండె. ఎవలకు చెప్పనియి నాకే చెప్తుండె."

"ఏం చెప్తుండె?" అన్నాను.

"అవి ఎట్ల చెప్త? నాకు చెప్పినయి గద." పండు ఒకటి విప్పి నా చేతిలో పెట్టింది. "నీకు ఎరికేనా ఆ అక్క?"

నా గుండెలో ఆ పాత మంట లేచింది. వెచ్చగా, నిండుగా.

"ఎరికేనా ఏంది? మా ఇంట్లనే ఉండె," అన్నాను.

ఆమె కళ్ళు పెద్దవి చేసింది. కుప్ప పక్కకు జరిపి నాకు దగ్గరగా వచ్చి కూర్చుంది. "గట్లనా! అయితే చెప్పమ్మా. పట్నంల ఎట్లుండె మా అక్క? ఏం తింటుండె? నన్ను యాది చేస్తుండెనా?"

చెప్పాను. మ్యాపుల గురించి, ఉల్లిగడ్డ గురించి, అమ్మాయిల గురించి, ఇరానీ హోటల్ గురించి, బోరింగు గురించి కూడా. నిన్ను చాలాసార్లు యాది చేసిందని అబద్ధం చెప్పాను. మా ఆయన వాగు నుంచి తిరిగి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. ఆమె నోరు తెరుచుకుని వింది.

ఒక్కటి మాత్రం చెప్పలేదు. షాద్‌నగర్ దాటాక, నా భుజం మీద నిద్ర మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి ఆమె నాతో ఒక మాట అంది. ముందు సీటుకు వినపడనంత మెల్లగా. అది మా ఆయనకు తెలియదు, ఊళ్ళో వాళ్ళకు తెలియదు. ఈసారి అందరినీ అడిగి కనుక్కున్నాను, ఆ మాట ఆమె ఇంకెవరికీ చెప్పలేదు.

మీకు కూడా చెప్పను.